బర్క్‌లీ మెట్లు, అనుపు మెట్లు

బే ఏరియాలో ఉన్నవాళ్ళకి బర్క్‌లీ గ్రీక్ థియేటర్ అనగానే సంగీత కచేరీలే గుర్తొస్తాయి. విలియం రాండాల్ఫ్ హర్స్ట్ ఇచ్చిన విరాళంతో, జాన్ గాలెన్ హోవర్డ్ రూపకల్పనలో 1903లో కట్టిన ఈ కాంక్రీటు కట్టడానికి ఆదర్శం గ్రీసులోని ఎపిడారస్. కొండవాలులో సహజంగానే గిన్నెలా ఉన్న చోట మెట్లు వేశారు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీకులు చేసిందీ అదే. సగం పని కొండే చేసిపెడుతుంది!

ఎపిడారస్‌లో 55 వరుసల సున్నపురాయి మెట్లున్నాయి. మధ్యలోని గుండ్రటి నేల పేరు 'ఆర్కెస్ట్రా'. అంటే వాద్యబృందం కాదు, బృందం ఆడిపాడే చోటు. దాని వెనక 'స్కెనె', అంటే గుడారం. మనం సినిమాల్లో 'సీను' అనే మాట పుట్టింది అక్కడే. కింద సూది పడినా పైవరుసకి వినిపిస్తుందని గైడ్లు చెబుతారు. 2017లో డచ్ పరిశోధకులు కొలిచి చూస్తే అది అతిశయోక్తి అని తేలింది. నటుడు గొంతెత్తి పలికితే మాత్రం చివరి వరుసకీ మాట అర్థమవుతుంది. మైకుల్లేని రోజుల్లో మన పద్యనాటకాల వాళ్ళ విద్యా అదేగా!

"మనకి ఇలాంటిది లేదా నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. ఎందుకు లేదు? 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, అంటే మన నాగార్జునకొండ లోయ. అక్కడి తవ్వకాల్లో నాలుగు వైపులా మెట్లున్న దీర్ఘచతురస్రపు రంగస్థలం బయటపడింది. రోమన్ బంగారు నాణేలూ దొరికాయి కాబట్టి ఇది పడమటి ప్రభావమే అనేవారున్నారు. నాకు మాత్రం అంత తొందరగా తేల్చేయాలనిపించదు. గ్రీకు థియేటర్లో జనం ఒకవైపు, నటులు ఒకవైపు. ఇక్కడ చుట్టూ జనం, నడుమ ఆట. గుడి కోనేరు చూసిన కళ్ళకి ఈ మెట్లు కొత్తవి కావు.

1955లో సాగర్ ఆనకట్టకి శంకుస్థాపన జరిగింది. తర్వాత ఆ లోయంతా నీట మునిగింది. ఈలోగా ఈ రంగస్థలాన్ని తరలించి, కృష్ణ గట్టున అనుపులో తిరిగి నిర్మించారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే 'పోర్ట్' చేశారన్నమాట. కానీ కొండతో, నేలతో ముడిపడిన కట్టడానికి ప్లాట్‌ఫారం మారితే ఎంతో కొంత పోతుంది. బర్క్‌లీలో నమూనా అరువుదైనా కొండ దానిదే. అనుపులో కట్టడం మనదే, దాని లోయ మాత్రం నీళ్ళ అడుగున ఉంది.

సాగర్ వెళ్ళినవాళ్ళు చాలామంది లాంచీ ఎక్కి ద్వీపంలోని మ్యూజియం చూసి వచ్చేస్తారు. ఈసారి ఇండియా ప్రయాణంలో అనుపుకి ఒక పూట కేటాయించండి. పిల్లల్ని నడుమ నిలబెట్టి, మీరు పైమెట్టు మీద కూర్చుని, వాళ్ళకొచ్చిన తెలుగు పాటేదైనా పాడమనండి.