కొళాయి ఇల్లు, నల్లా ఇల్లు

“ఇంటికెళదామమ్మా.”

హన్మకొండ వచ్చిన మూడో రోజు సాయంత్రం కొత్త ఇంటి వరండాలో నిలబడి మా పాప అన్న మాట ఇది. నాలుగేళ్లు నిండి రెండు నెలలు. చెప్పులు వేసేసుకుంది, భుజాన నీళ్ల సీసా తగిలించుకుంది. లోపల కుక్కర్ కూత పెడుతోంది. పాప మంచం వేశాం, బొమ్మలన్నీ అరల్లో సర్దాం. “ఇదే మనిల్లు తల్లీ” అన్నాను. నాకు తెలియని సంగతేదో చెబుతున్నట్టు ఓపిగ్గా, “కాదు. మనిల్లు కాకినాడలో ఉంది” అంది.

మావారిది బ్యాంకు ఉద్యోగం. బదిలీ ఆర్డరు మే నెలలో చేతికొచ్చింది. జూన్ రెండో వారంలో బడులు తెరుస్తారు, ఆపైన ఆషాఢం. శూన్యమాసంలో ఇల్లు మారతామంటే మా అత్తగారు ఒప్పుకోరు. ఉన్న మూడు వారాల్లోనే ఇల్లు వెతకాలి, అడ్వాన్సు ఇవ్వాలి, గ్యాసు కనెక్షను మార్పించాలి, లారీ మాట్లాడాలి. అట్టపెట్టెల మధ్య పిల్ల అడ్డొస్తుందని సామర్లకోటలో మా అమ్మ దగ్గర దింపేశాం. రెండ్రోజులన్నాం, తొమ్మిది రోజులైంది. తర్వాత ఒక రాత్రి నిద్రలోనే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాం. తెల్లారకముందే వరంగల్‌లో దించాం.

ఇప్పుడు పాప వైపు నుంచి చూడండి. అమ్మమ్మ ఇంటికి వెళ్లింది, అక్కణ్నుంచి ఇంకేదో ఊరొచ్చింది. కాకినాడ ఇల్లు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. పెరట్లో కొళాయి, దాని కింద ఎర్ర బకెట్టు, వంటింటి గుమ్మానికి పాప ఎత్తు కొలిచిన పెన్సిలు గీతలు, అన్నీ ఉన్నాయి. ఇల్లు ఖాళీ అవడం అది చూడలేదు. మేం చూడనివ్వలేదు.

ఎండాకాలంలో బదిలీలైన ఇళ్లలో చాలామంది చేసేది ఇదే. పిల్లలు ఏడుస్తారని ముందు చెప్పం. వచ్చాక పెద్ద గది చూపిస్తాం, కొత్త సైకిలు కొనిపెడతాం. 2011 జనాభా లెక్కల్లో ఒక చోటు వదిలి మరో చోటికి వచ్చినవాళ్లు దేశంలో 45 కోట్ల పైచిలుకు తేలారు. ఎందుకొచ్చారని అడిగితే ఉద్యోగం, వ్యాపారం, చదువు, పెళ్లి అని కారణాలు చెప్పారు. ‘కుటుంబంతో పాటు’ అన్నది ఇంకొకటి. పెద్దల వెంట వచ్చిన పిల్లలు ఆ గడిలోకి చేరతారు. ఆ పిల్లలకు ఎవరైనా ముందుగా ఒక మాట చెప్పారా అన్నది మాత్రం ఏ గడిలోనూ ఉండదు.

రెండో వారంలో పాప పక్క తడపడం మొదలుపెట్టింది. ఆ అలవాటు మాని అప్పటికి ఏడాది దాటింది. తన చేత్తో తినే పిల్ల ముద్దలు కలిపి నోట్లో పెట్టమంది. నేను స్నానానికి వెళితే తలుపు బయట కూర్చుని “అమ్మా, ఉన్నావా?” అనేది. ఉన్నానంటే ఊరుకుని, రెండు నిమిషాలకు మళ్లీ అడిగేది. పిల్లల డాక్టర్లు దీన్ని జబ్బనరు. ఇల్లు మారినా, తమ్ముడు పుట్టినా, నేర్చుకున్నవి కొన్ని ఈ వయసులో వెనక్కి పోవడం మామూలే. తిట్టకుండా, నలుగురిలో ఎత్తిచూపకుండా ఉంటే చాలావరకు కొన్ని వారాల్లో అవే సర్దుకుంటాయి. నెలలు గడిచినా తిండి, నిద్ర, మాట కుదుటపడకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి.

నేను తిట్టలేదు కానీ అంతకన్నా పెద్ద తప్పు చేశాను. ఇంటికెళదామని అడిగినప్పుడల్లా “రేపు వెళదాం” అన్నాను. పదిసార్లు అన్నాక ఒక రాత్రి అది నన్ను, “అమ్మా, రేపు అంటే వెళ్లమనా?” అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను దానికి ఊరొక్కటే మార్చలేదు, ‘రేపు’ అనే మాటకున్న అర్థం కూడా పోగొట్టాను.

తర్వాత ఒక పాత ఉత్తరం గురించి చదివాను. 1939 సెప్టెంబరులో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే, బాంబుల భయంతో బ్రిటన్ నగరాల నుంచి కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల మందిని పల్లెలకు తరలించారు. సగానికి పైగా బడి పిల్లలే. ఆ డిసెంబరులో జాన్ బౌల్బీ, ఇమాన్యుయేల్ మిల్లర్, డొనాల్డ్ విన్నికాట్ అనే ముగ్గురు డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఒక ఉత్తరం రాశారు. అయిదేళ్లలోపు పిల్లల్ని తల్లుల నుంచి విడదీస్తే మనసుకు పెద్ద దెబ్బ తగులుతుందని హెచ్చరించారు. అమ్మమ్మ దగ్గర గడిపిన తొమ్మిది రోజులను దానితో పోల్చను. కానీ ఇల్లు కదిలే రోజున పసిపిల్ల మన చెయ్యి పట్టుకుని ఉండాలన్న సంగతి ఆ ఉత్తరం గురించి చదివాకే నాకు గట్టిగా తగిలింది.

పిల్లలు వదలకుండా పట్టుకు తిరిగే గుడ్డపేలిక గురించి విన్నికాట్ 1953లో ఒక వ్యాసం అచ్చువేశారు. దాన్ని ఉతికితే ఆ వాసన పోతుందని, దాంతో బిడ్డకు దాని విలువే పోవచ్చని తల్లికి తెలుసంటారాయన. మా పాపకు అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంత ఉండేది. చిరిగిపోయిందని నేనే మిక్సీకి చుట్టబెట్టి పెట్టెలో పెట్టించాను. మిక్సీ విప్పినప్పుడు బయటపడితే చెత్తబుట్ట పక్కన పడేశాను. పాప చూసి తీసుకుంది. ముఖానికి కప్పుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ రాత్రి మొదటిసారి లేవకుండా పడుకుంది.

శ్రావణంలో మళ్లీ కాకినాడ వెళ్లాం, ఈసారి పాపకు చెప్పే. “మన పాతిల్లు చూసి, వెళ్లొస్తామని చెప్పి వద్దాం.” ఇల్లు ఇంకా ఎవరికీ అద్దెకివ్వలేదు. ఇంటిగలావిడ తాళంచెవి ఇచ్చారు. తలుపు తీయగానే మా మాటలు గోడలకు తగిలి మోగాయి. పాప గదిగదికీ తిరిగింది.

“మంచమేదీ?”

“హన్మకొండలో ఉంది కదమ్మా.”

“ఉయ్యాల?”

“అదీ అక్కడే.”

“కొళాయి?”

“అది ఈ ఇంటిది. ఇక్కడే ఉంటుంది.”

పెరట్లోకి వెళ్లి కొళాయి తిప్పింది. మోటారు వెయ్యలేదేమో, నీళ్లు రాలేదు. లోపలెక్కడో మిగిలిన చుక్క ఒకటి రాలితే అరచెయ్యి పట్టింది. తర్వాత గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. మావారు చాక్లెట్ తీయబోతే వద్దన్నాను. పది నిమిషాలు ఏడవనిచ్చాం. ఈలోగా ఆయన గుమ్మం మీది గీతలన్నీ, నా పాత లంగా నాడా ఒకటి నిలువుగా పట్టి, బాల్‌పెన్నుతో దాని మీదికి ఎక్కించారు. వచ్చేటప్పుడు తలుపు అదే వేసింది.

ఆ తర్వాత “ఇంటికెళదాం” అన్న మాట లేదని కాదు, తగ్గింది. అడిగితే “ఆ ఇల్లు ఖాళీ అయిపోయింది” అని అదే చెప్పేది.

పక్కింటి అవ్వ సంగతీ చెప్పాలి. మొదట్లో ఆవిడ “ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?” అంటే పాప ముడుచుకుపోయి, “నేను నీ బిడ్డని కాదు, మా అమ్మ బిడ్డని” అంది. “మీ అమ్మ బిడ్డవే. నాకు మనుమరాలివి కావా?” అని అవ్వ నవ్వింది. రోజూ అదే వేళకు, అదే అరుగు మీద కూర్చుని, అదే ప్రశ్న అడిగేది. ఒకనాడు సర్వపిండి చేసి, నూనె కోసం వేలితో పొడిచిన చిల్లుల్ని చూపించింది. పాప ఒక్కో చిల్లులో వేలు పెట్టి లెక్కపెట్టి, మొత్తం తినేసింది. మేం కొన్న సైకిలు అప్పటికి నెల రోజులుగా మెట్ల కింద ఉంది.

ఇదంతా మాకు అద్దె ఇల్లూ, తిరుగు టికెట్టూ, సెలవూ ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది. ఒడిశా నుంచి పెద్దపల్లి ఇటుక బట్టీలకు అమ్మానాన్నలతో వచ్చే పిల్లలకూ, పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లే కుటుంబాల పిల్లలకూ భాష కూడా మారిపోతుంది. బడి వయసుకు వచ్చినవాళ్లకు టీసీ ఆలస్యమైందని బడిలో చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. ఈ ఒక్క సంగతి ఆ తల్లిదండ్రులకు చెప్పేవాళ్లుంటే ఎంతో మేలు.

“నల్లా బందు చెయ్ బిడ్డా” అని అవ్వ రోజూ అరుగు మీంచి కేకేస్తుంది. కొళాయిని ఇక్కడ నల్లా అంటారు. మా పాప దాన్నిబట్టి ఇళ్లకు పేర్లు పెట్టుకుంది. కాకినాడది కొళాయి ఇల్లు, ఇది నల్లా ఇల్లు. ఫోన్లో అది విని మా అమ్మ, “నల్ల ఇల్లేంటే, అదేం రంగే?” అని కంగారుపడింది.

ఇక్కడ ఇంటాయన గోడలకూ గుమ్మాలకూ గీతలు గీయొద్దన్నాడు. అందుకని నాడాను తలుపు వెనక మేకుకు, అడుగు కొస నేలకు తగిలేలా కట్టాం. దసరాకి పాపను దాని పక్కన నిలబెట్టి కొలిస్తే పాత గీతకు చిటికెన వేలంత పైకొచ్చింది. కొత్త గీత పెట్టి, పక్కన ఏం రాయమంటావని అడిగాను.

“నల్లా ఇల్లు” అంది.

రాశాను. గుడ్డ మీద సిరా కొంచెం పాకింది.