బోధనా ప్రసారాలు – నకలు నిరోధక తాళం: పాఠశాల కంప్యూటర్ ల్యాబ్ నిర్వహణ దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
టెలివిజన్ ప్రసారాల నకలును అడ్డుకొనే సాంకేతిక ఏర్పాట్లకూ, బోధన కోసం చట్టం కల్పించిన వెసులుబాటుకూ మధ్య అంతరం ఉంది. గ్రామీణ పాఠశాల కంప్యూటర్ ల్యాబ్‌లో ఆ అంతరం ఎలా బయటపడుతుందో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: కాపీ ప్రొటెక్షన్, హెచ్.డి.సి.పి., కాపీరైట్ చట్టం, టి-సాట్, కంప్యూటర్ ల్యాబ్.

1. ఉపోద్ఘాతం:
కృష్ణా, మూసీ నదులు కలిసే చోట ఉన్న గ్రామం వాడపల్లి. ఇది నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలోనిది. 2020 సెప్టెంబర్ 1 నుండి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టి-సాట్ ఛానళ్ల ద్వారా పాఠాలను ప్రసారం చేసినప్పుడు ఇటువంటి గ్రామాల విద్యార్థులకు టీవీయే తరగతి గది అయింది. బడులు తెరిచాక సమస్య స్వరూపం మారింది. ప్రసార సమయం బడి టైంటేబుల్‌తో కలవదు. కరెంటు పోతే పాఠమూ పోతుంది. కనుక పాఠాన్ని రికార్డు చేసి, ల్యాబ్‌లో భద్రపరచి, తగిన పీరియడ్‌లో చూపడం ఉపాధ్యాయుడికి సహజమైన మార్గం. ఆ మార్గం తెరిచి ఉందా లేదా అన్నది చట్టం ఒకవైపు, యంత్రం మరొకవైపు నిర్ణయిస్తున్నాయి.

2. తాళం పనిచేసే తీరు:
చెల్లింపు ఛానళ్ల సంకేతాలు గుప్తరూపంలో వస్తాయి. చందా ఉన్న సెట్‌టాప్ బాక్స్ మాత్రమే వాటిని విప్పగలదు. బాక్స్ నుండి తెరకు వెళ్లే హెచ్.డి.ఎం.ఐ. తీగపై ఇంటెల్ సంస్థ రూపొందించిన హెచ్.డి.సి.పి. అనే రెండవ తాళం ఉంటుంది. రెండు పరికరాలు ముందుగా పరస్పరం గుర్తింపు తెలుపుకోవాలి. అవతలిది రికార్డింగ్ పరికరమైనా, ఈ పద్ధతి తెలియని పాత ప్రొజెక్టర్ అయినా బొమ్మ రాకపోవచ్చు. చూసేవాడు వ్యాపారా, ఉపాధ్యాయుడా అన్న వివేచన ఈ తాళానికి లేదు.

3. చట్టం చెప్పేది:
కాపీరైట్ చట్టం 1957లోని 39వ సెక్షన్ ప్రకారం, కేవలం సద్భావంతో చేసే బోధన లేదా పరిశోధన కోసం ప్రసారాన్ని రికార్డు చేయడం ప్రసార సంస్థ హక్కులకు ఉల్లంఘన కాదు. ప్రసారంలో ఇమిడిన సినిమా వంటి కృతులకు 52వ సెక్షన్ వర్తిస్తుంది. విద్యాసంస్థ కార్యకలాపాల్లో భాగంగా సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారికి పరిమితమైన ప్రదర్శనను అది అనుమతిస్తుంది. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షన్ సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని నేరంగా పరిగణిస్తుంది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలన్నది అందులోని షరతు. చట్టం నిషేధించని ప్రయోజనం కోసం చేసిన పనికి మినహాయింపు ఉంది. అటువంటి పనికి సహకరించినవారు మాత్రం ఆ వ్యక్తి వివరాలను నమోదు చేసి ఉంచాలి.

అంటే చట్టం ఉద్దేశాన్ని చూస్తుంది, యంత్రం పరికరాన్ని మాత్రమే చూస్తుంది. అమెరికాలో 2003లో తెచ్చిన ‘బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్’ నియమం ఇటువంటి నియంత్రణను టీవీ పరికరాల తయారీలోనే విధించబోయింది. దానిపై గ్రంథాలయ సంఘాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా 2005లో ఆ నియమం రద్దయింది.

4. ల్యాబ్ నిర్వహణలో చిక్కు:
ల్యాబ్‌లోనూ తాళాలుంటాయి. కంప్యూటర్‌ను పునఃప్రారంభించగానే పూర్వస్థితికి తెచ్చే సాఫ్ట్‌వేర్ వైరస్‌తో పాటు, భద్రపరచిన పాఠాన్నీ చెరిపివేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనేక ల్యాబ్‌లు ప్రైవేటు ఏజెన్సీలు నిర్వహించి తరువాత అప్పగించే ‘బూట్’ పద్ధతిలో ఏర్పడ్డాయి. అటువంటి ఏర్పాటులో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎవరి చేతిలో ఉంటుందన్నది సాంకేతిక వివరం మాత్రమే కాదు, బోధనాధికారానికి సంబంధించిన ప్రశ్న.

5. ముగింపు:
• ఉచిత ప్రసారాలకు, టి-సాట్ వంటి ప్రభుత్వ వేదికల పాఠాలకు ప్రాధాన్యమిస్తే తాళం సమస్య చాలావరకు తొలగుతుంది.
• పాఠాలను పునఃస్థాపన సాఫ్ట్‌వేర్ పరిధిలోకి రాని ప్రత్యేక విభాగంలోనో, ల్యాబ్ సర్వర్‌లోనో ఉంచాలి.
• రికార్డు చేసిన తేదీ, తరగతి, ప్రయోజనం ఒక రిజిస్టరులో నమోదు చేయాలి. సద్భావానికి అదే ఆధారం.
• రికార్డులను అంతర్జాలంలో ఉంచరాదు. పైన చెప్పిన వెసులుబాటు తరగతి అవసరానికే పరిమితం.
• నిర్వహణ ఒప్పందాల్లో పాస్‌వర్డ్ ప్రధానోపాధ్యాయుడి వద్ద ఉండాలన్న నిబంధన చేర్చాలి.

చట్టం ఇచ్చిన వెసులుబాటు తరగతి గది దాకా చేరాలంటే ల్యాబ్ తాళంచెవి బోధించేవారి చేతిలో ఉండాలి.