రాకెట్ కనిపించిందా?

వెబ్‌సైట్లు తయారుచేసే జాంగో సాఫ్ట్‌వేర్ 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. కొత్తవాళ్లు కూడా దాన్ని బెదరకుండా నేర్చుకోగలరు. ఎందుకు? దాని డాక్యుమెంటేషన్ వల్ల.

ఎలాగంటే, మొదటి పాఠం ఉపన్యాసం దంచదు. ఓట్లు వేసే చిన్న సైట్‌ని మన చేతే కట్టిస్తుంది. సర్వర్ నడిపి బ్రౌజర్ తెరిస్తే, పైకెగిరే రాకెట్ బొమ్మ కనిపించాలని ముందే చెబుతుంది. కనిపించలేదా? పొరపాటు ఇప్పటిదాకా టైప్ చేసిన నాలుగు లైన్లలోనే ఎక్కడో ఉంటుంది. వెతకడం తేలిక. ఏం రావాలో చెప్పకుండా ఏం చేయాలో మాత్రమే చెప్పే పాఠాలతోనే అసలు చిక్కు!

ప్రతి ఫంక్షన్ వివరాలూ వేరే విభాగంలో ఉంటాయి. మొదటిరోజే అవన్నీ చదివితే తల తిరుగుతుంది. అన్నట్టు, డాక్యుమెంటేషన్ పేజీ మూలన వెర్షన్ నంబర్ ఉంటుంది. మీ కంప్యూటర్లో ఉన్న జాంగోదీ అదేనా కాదా చూసుకోండి.