సహరీ వేళ మేల్కొలిపే మనిషి

రమజాన్ మాసంలో సహరీ వేళకు ముందు కరీంనగర్‌లోని మా మొహల్లాలో ఒక దఫ్ మోగుతుంది. దాని వెంట ఒక గొంతు వినిపిస్తుంది. అల్లాహ్‌ను స్తుతిస్తూ, దైవప్రవక్త (స)పై సలాములు పంపుతూ, నిద్రపోతున్న వారిని లేపుతూ ఆ గొంతు గల్లీ గల్లీ తిరుగుతుంది. సెల్‌ఫోన్ అలారం ఉన్న ఇళ్లలో సైతం పిల్లలు ఆ చప్పుడుకే లేచి కిటికీ దగ్గరకు పరుగెత్తడం మేము చూశాము. అయితే ఆ మనిషి ఎవరు, ఎక్కడి నుంచి వచ్చాడు, మిగిలిన పదకొండు నెలలు ఎలా బ్రతుకుతాడు అని మేము చాలాకాలం అడగనే లేదు.

ఆయన ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఫకీరు. తండ్రి, తాత ఊరూరా తిరిగినవారే. జొన్నలు కళ్లానికి చేరే రోజుల్లో వారు గడప గడపకూ వెళ్లి పాడేవారు. రైతులు మతభేదం చూడకుండా జోలెలో గింజలు పోసేవారు. ఏ ఊరికి ఎప్పుడు వెళ్లాలో, ఏ ఇంట్లో పెళ్లి జరిగిందో, ఏ ఇంట్లో మరణం సంభవించిందో వారికి తెలిసి ఉండేది. ఊళ్లలో వినేవారు తగ్గి, పిల్లలు ఎదిగిన తర్వాత ఆయన కుటుంబంతో గోదావరి దాటి కరీంనగర్ చేరుకున్నాడు.

"మౌల్వీ సాబ్, ఊళ్లో నా గొంతు విని తలుపు తీసేవారు. ఇక్కడ నా గొంతు వినగానే తలుపు వేసుకుంటున్నారు" అని ఆయన ఒకనాడు అసర్ నమాజు తర్వాత మాతో అన్నాడు. అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వడు. అద్దె ఇల్లు అడిగితే, మస్జిద్‌లో ఆయన భుజానికి భుజం ఆనించి నిలబడిన సోదరుడే "ఫకీరు వాళ్లకు ఇవ్వము" అన్నాడట.

ఇక్కడ మా తప్పును కూడా చెప్పుకోవాలి. ఆయన కుమారుడు మా వద్ద చదువుకోవడానికి వచ్చినప్పుడు ఒకరిద్దరు తండ్రులు ముఖం చిట్లించారు. మేము వారిని వారించలేదు. ఆ బాలుడు తనంతట తానే చివరి వరుసలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మేము చూసీ చూడనట్లు ఊరుకున్నాము. మానవులంతా ఆదమ్ సంతానమేనని పాఠం చెప్పే నోటితో ఆనాడు ఒక్క మాట అనలేకపోయాము. అల్లాహ్ మమ్మల్ని మన్నించుగాక.

మనలోని వారే

ఫకీర్లు పరాయివారు కారు. వెనుకబడిన ముస్లిమ్ సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టంలో ఫకీర్, ఫకీర్ బుడ్‌బుడ్కీ, ఘంటీ ఫకీర్, తురక బుడ్‌బుడ్కీ, దర్వేష్ అనే పేర్లు ఉన్నాయి. చిన్న డమరుకం వాయించేవారు, గంట మోగించేవారు, దఫ్ చరిచేవారు తమ వాద్యంతోనో వృత్తితోనో పిలవబడ్డారు. ఈ హక్కు పొందాలంటే కుల ధ్రువీకరణ పత్రం కావాలి. పత్రం కావాలంటే స్థిరమైన చిరునామా చూపాలి. తరతరాలుగా తిరిగే కుటుంబానికి లేనిదే చిరునామా.

సంచార కళాకారులందరిదీ ఇంచుమించు ఇదే వ్యథ. ఆదిలాబాద్ అడవుల్లో తోటీలు, పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ గోండుల వంశగాథలు పాడతారు. గోండు కుటుంబాలు వారిని పోషించడం తమ బాధ్యతగా భావించేవి. ఆ పోషణ సన్నగిల్లిన కొద్దీ పాట కూడా సన్నగిల్లింది. నాగర్‌కర్నూల్ ప్రాంతపు కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. రెండేళ్లకే ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తున్నట్లు పత్రికల్లో చదివాము. చప్పట్లతో, శాలువాలతో కడుపు నిండదు.

మదీనా చూపిన దారి

కొత్త ఊళ్లో స్థిరపడటం ఎలాగో, స్థిరపడేవారిని ఆదరించడం ఎలాగో మన చరిత్రలోనే ఉంది. మక్కా నుంచి వట్టి చేతులతో వచ్చిన ముహాజిర్లకూ మదీనా అన్సార్లకూ మధ్య దైవప్రవక్త (స) సోదర బంధం కలిపారు. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇస్తానని ముందుకు వచ్చారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయన కోసం దుఆ చేసి, బజారుకు దారి చూపమని మాత్రమే అడిగారు. వెన్న, నెయ్యి వంటి సరుకులతో వ్యాపారం మొదలుపెట్టి తన కాళ్లపై నిలబడ్డారు.

ఈ సంఘటనలో ఇద్దరికీ పాఠం ఉంది. వచ్చినవాడు చేయి చాచడం కంటే చేతిపని వెతుక్కోవాలి. త్రాడు తీసుకెళ్లి కట్టెల మోపు మోసి అమ్ముకోవడం యాచన కంటే మేలని దైవప్రవక్త (స) బోధించారు. ఉన్నవాడు ముందుగా తలుపు తెరవాలి. బజారుకు దారి చూపేవారు లేని ఊళ్లో "పని చేసుకోరాదా" అని మందలించే హక్కు మనకు ఎక్కడిది? జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో నిరుపేదలతో పాటు బాటసారిని కూడా దివ్య ఖుర్ఆన్ పేర్కొన్నది.

దఫ్ సంగతేమిటని కొందరు సోదరులు అడుగుతారు. వాద్యాల విషయంలో ఉలమాలు జాగ్రత్త వహించమన్నారు. అందులో సందేహం లేదు. అయితే పెళ్లిళ్లలో, పండుగ రోజున దఫ్ వాయించడానికి అనుమతి ఉన్నట్లు హదీసులు తెలుపుతున్నాయి. పాటలో షిర్క్ మాటలు ఉంటే మృదువుగా సరిదిద్దవలసిందే. కానీ ఆ పేరుతో మనిషినే దూరం పెట్టడం ధర్మం కాదు.

మనం చేయగలిగినవి

మొదటిది, వారికి ఇల్లు అద్దెకు ఇద్దాం. రెండవది, మన పిల్లల్లో చదువుకున్న యువకులు వారి వెంట కార్యాలయానికి వెళ్లి ఆధార్, కుల పత్రాలు ఇప్పించాలి. మూడవది, 2016 నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న మైనారిటీ గురుకులాల్లో వారి పిల్లలను చేర్పించాలి. నాల్గవది, చిల్లర నాణేలుగా పంచే జకాత్‌ను కూడబెట్టి ఒక కుటుంబానికి ఒక పనిముట్టు కొనిద్దాం.

మా మొహల్లాలో నలుగురు కలిసి ఆ ఫకీరుకు ఒక తోపుడు బండి కొనిచ్చారు. ఇప్పుడు పగలు పండ్లు అమ్ముతాడు. గడచిన రమజాన్‌లో కూడా దఫ్ చేతబట్టి అందరినీ లేపాడు. కానీ పండుగ నాడు ఏ గడపకూ రాలేదు. మేమే ఆయన గదికి వెళ్లి ముబారక్ చెప్పాము. ఆయన భార్య షీర్ ఖుర్మా పోసి ఇచ్చింది. ఇన్నేళ్లలో వారి ఇంట మేము ఏదైనా తినడం అదే మొదటిసారి.

బాలుడు ఇప్పుడు మొదటి వరుసలో కూర్చుంటున్నాడు. ఆ చోటు మేము మొదటి రోజే చూపి ఉండవలసింది.

మన ఊళ్లకు వచ్చే ప్రతి ముహాజిర్‌కూ అన్సార్‌గా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.