అత్తయ్యగారి చైతన్యరథం

2015 జులైలో గోదావరి పుష్కరాలు. జంగారెడ్డిగూడెం నుంచి కొవ్వూరుకి ట్రాక్టరు ట్రక్కుకి బరకం కట్టుకుని బంధువులందరం కలిసి వెళ్లాం. పాటలు, పులిహోర, పిల్లల గోల... అంతా బాగుంది. సాయంత్రం ఇంటికొచ్చాక అత్తయ్యగారు నేరుగా పెరట్లోకి వెళ్లి, వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగారు. ‘‘పొద్దుట్నించీ మంచినీళ్లు ముట్టలేదమ్మా. తాగితే మళ్లీ ఎక్కడికెళ్లాలి?’’ అన్నారు. అంత ఎండలో, అంత పెద్ద నది ఒడ్డున... ఆవిడ దాహంతో కూర్చున్నారన్నమాట! అప్పటికావిడకి 62 ఏళ్లు. ఈ మాట చదువుతున్న ఆడవాళ్లకి వివరించి చెప్పక్కర్లేదు. మగవాళ్లు ఒకసారి ఇంట్లో అడిగి చూడండి.

మా బండి మీద గూడు లేవడానికి అసలు కారణం అదీ. దానికి అమెరికాలోలా విహారయాత్రల పేరు పెట్టినా, మా ఇంట్లో మాత్రం అది అత్తయ్యగారి మంచినీళ్ల సమస్యతోనే మొదలైంది.

పేరులోనే ఉంది క్యాంపర్‌

మావారిది పొగాకు వ్యవసాయం. బేళ్లు వేలానికి తోలడానికి, ఎరువులు తెచ్చుకోవడానికి బొలెరో క్యాంపర్‌ ఉంది. ముందు రెండు వరుసల సీట్లు, వెనక సరుకు తొట్టి. పేరులో క్యాంపర్‌ అని ఉందిగానీ, అందులో పడుకునే ఏర్పాటేమీ ఉండదు. ఆ ఏర్పాటు మనం చేసుకోవాల్సిందే. దాని వెనక తొట్టిలో ఓ చిన్న గది దించి, ఆగినచోట పైకప్పు ఎత్తుకునేలా చేయిస్తే? ప్రయాణంలో పెట్టె మూత వేసినట్టు కిందికి, మకాంలో గొడుగు విప్పినట్టు పైకి. మధ్యలో చుట్టూ కాన్వాసు గోడ.

అమెరికాలో ఈ సరదా పాతది. రచయిత జాన్‌ స్టైన్‌బెక్‌ 1960లో ఓ జీఎంసీ పికప్‌ మీద గది కట్టించుకుని, దానికి ‘రోసినాంటే’ అని డాన్‌ కిహోటే గుర్రం పేరు పెట్టి, చార్లీ అనే కుక్కతో దేశమంతా తిరిగాడు. ఆ అనుభవాలన్నీ 1962లో పుస్తకంగా వచ్చాయి. నోబెల్‌ బహుమతి వచ్చిందీ ఆ ఏడాదే. ఆ బండి ఇప్పుడు కాలిఫోర్నియాలోని సలీనాస్‌లో ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఉంది. అయితే ఆయనది కప్పు లేవని గది. పైకి లేచే కప్పులతో పికప్‌ గదులు తయారుచేసే ఫోర్‌వీల్‌ క్యాంపర్స్‌ లాంటి కంపెనీలు 1970ల నుంచీ అక్కడ ఉన్నాయి.

ఇదంతా చెబితే అత్తయ్యగారు కాసేపు ఆలోచించి, ‘‘అంటే... రామారావుగారి చైతన్యరథం లాంటిదన్నమాట’’ అన్నారు. నిజమే కదా! 1982లో పార్టీ పెట్టాక ఎన్టీఆర్‌ పాత షెవర్లే వ్యానుని బాగుచేయించుకుని ఊరూరా తిరిగారు. నడిపింది కొడుకు హరికృష్ణ. ఉపన్యాసం దాని మీదనుంచే, నిద్ర, కాలకృత్యాలు దారిలోనే. తెలుగునాట బండినే ఇల్లుగా చేసుకున్న వాళ్లలో అంతకన్నా పేరున్న ఉదాహరణ ఇంకోటి లేదు. ఆ పూట నుంచి మా ఇంట్లో దాని పేరు చైతన్యరథమే.

మొదటి గూడు... ముప్పుతిప్పలు

లారీలకు, ట్రాక్టరు ట్రక్కులకు బాడీ కట్టే షెడ్డుకి వెళ్లి కాగితం మీద గీసి చూపించాం. షెడ్డాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘ఆయ్‌... గట్టిగా కట్టేద్దామండి. ఏనుగెక్కినా వంగదు’’ అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు కూడా. ఇనప యాంగిల్స్‌, దళసరి ప్లైవుడ్‌, పైన రేకు. కప్పు ఎత్తాలంటే నలుగురు మగాళ్లు కావాలి!

అనుమానం వచ్చి బండిని ఆయిల్‌పామ్‌ గెలలు తూచే కాటా ఎక్కించాం. గూడుతో ఒకసారి, దింపి ఒకసారి. తేడా 480 కిలోలు. టన్ను మోసే బండికి ఇదో లెక్కా అనిపిస్తుంది. ఇక్కడే పొరపాటు. పొగాకు బేళ్ల బరువు తొట్టి అడుగున, చక్రాలకి దగ్గరగా ఉంటుంది. గూడు బరువు నెత్తిన ఉంటుంది. మలుపులో బండి ఒక పక్కకి ఒరగడం స్టీరింగు పట్టుకున్న మనిషికి చేతుల్లో తెలిసిపోతుంది. కొయ్యలగూడెం వైపు ఓ వంపు తిరిగి మావారు బండి పక్కన ఆపేసి, చెమట తుడుచుకుని, మాటాడకుండా వెనక్కి తిప్పేశారు. ‘‘ఏవండీ, ఏమైంది?’’ అంటే ‘‘ఇందులో మా అమ్మని ఎక్కించను’’ అన్నారు. ఆ గూడు ఇప్పుడు మా తోటలో మోటారు గది.

రెండోది కట్టడానికి ముందు మాకు మేమే ఓ నియమం పెట్టుకున్నాం... ఏ వస్తువైనా ముందు కాటా ఎక్కాలి. ఇనుము బదులు తలుపులకి, కిటికీలకి వాడే అల్యూమినియం చట్రాలు. ప్లైవుడ్‌ బదులు షాపుల ముందు బోర్డులకి కొట్టే ఏసీపీ షీట్లు. రెండు షీట్ల మధ్య అంగుళం మందాన థర్మాకోల్‌. మే నెలలో మా మెట్టలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ థర్మాకోల్‌ లేకపోతే మధ్యాహ్నం లోపల అప్పడాలు కాలతాయి. కప్పు పైన తెల్లరంగు. ఎత్తడానికి కారు డిక్కీని దానంతటదే పైకి లేపుతాయి చూడండి, ఆ గ్యాస్‌ కడ్డీలు నాలుగు. ఇప్పుడు కొక్కేలు తీసి ఓ తోపు తోస్తే చాలు, నేనొక్కదాన్నే ఎత్తేస్తాను. మొత్తం 270 కిలోలు తేలింది.

కప్పు దించితే క్యాబిన్‌ కంటే ఓ మూరెడు ఎత్తు, అంతే. ఊళ్లలో కిందికి వేలాడే కరెంటు తీగలు, చింతకొమ్మలు, ఎదురుగాలి... అన్నిటికీ ఇదే మందు. కప్పు ఎత్తితే లోపల ఆరడుగుల మనిషి నిలబడొచ్చు.

కాన్వాసు కుట్టించింది బరకాలు కుట్టే షాపులో. మూడు వైపులా జిప్పులతో కిటికీలు, వాటికి దోమతెర. ఏజెన్సీ అంచున ఉన్నవాళ్లం, మలేరియా సంగతి మాకొకరు చెప్పాలా! తొలిరాత్రి మకాం మా దొడ్లోనే. సరిగ్గా ఆ రాత్రే వాన. కాన్వాసు తడవలేదుగానీ, కుట్టు పడిన ప్రతి సూది బెజ్జంలోంచీ ఒక్కో చుక్క. మర్నాడు కొవ్వొత్తి పెట్టి కుట్ల వెంట గట్టిగా రుద్ది, హెయిర్‌ డ్రయ్యర్‌తో మైనం కరిగించాం. అప్పట్నించి కారలేదు. అయితే తడిసిన కాన్వాసుని అలాగే మడిచి మూత వేయకూడదు. రెండ్రోజుల్లో బూజు పట్టేస్తుంది. ఇంటికి రాగానే మళ్లీ ఎత్తి ఆరబెట్టాలి. ఈ పని ఎవరు చేయాలన్నదే మా ఇంట్లో తెగని తగువు.

ఏం పెట్టుకున్నాం... ఏం తీసేశాం

తొట్టి పొట్టిది, నాలుగున్నర అడుగుల చిల్లర. వెనక డోరు దించి, దాని మీదికి పలక జరిపితే ఆరడుగుల మంచం. అది అత్తయ్యగారిది. క్యాబిన్‌ మీదకి వచ్చిన అటక లాంటి చోట మేమిద్దరం. బాబు క్యాబిన్‌లో వెనక సీటు మీద. ఒకటి మాత్రం కచ్చితం... బండి కదులుతున్నప్పుడు గూట్లో ఎవరూ ఉండరు. నిద్రొచ్చినా, మారాం చేసినా అందరూ ముందు సీట్లలోనే.

ఇన్వర్టరు బ్యాటరీ పెడదామన్నారు మావారు. ఇళ్లల్లో వాడే పెద్ద ట్యూబులర్‌ బ్యాటరీ యాభై కిలోలు దాటుతుంది. దాని బదులు వంద ఆంపియర్‌ అవర్ల లిథియం బ్యాటరీ తీసుకున్నాం. పన్నెండు కిలోల చిల్లర. ఖరీదు ఎక్కువే, మా ఖర్చులో పెద్ద ముక్క అదే. అందులో సుమారు 1,200 వాట్‌ అవర్ల కరెంటు ఉంటుంది. ఇరవై వాట్ల డీసీ ఫ్యాను పది గంటలు తిరిగితే 200, లైట్లకి, ఫోన్లకి కలిపి ఇంకో వంద. అంటే మూడు నాలుగు రాత్రులు దిగుల్లేదు. కప్పు మీద వంద వాట్ల సోలార్‌ పలక ఎండ బాగున్న రోజు 400 దాకా తిరిగి నింపుతుంది. ఏసీ మాట ఎత్తకండి. ఈ లెక్కలో ఏసీ పట్టదు.

నీళ్లు లీటరుకి కిలో. అందుకే రెండు ఇరవై లీటర్ల క్యాన్లతో సరి. గ్యాసు అయిదు కిలోల చిన్న సిలిండరు, స్టవ్వు బయటే. కాన్వాసు పెట్టెలో మంట పెడితే నిప్పు భయం ఒకటి, విషవాయువు భయం ఇంకోటి. ఫ్రిజ్‌, టీవీ, మడత సోఫా... షెడ్డు దగ్గర చూడ్డానికొచ్చినవాళ్లు ఇచ్చిన సలహాలన్నీ పెట్టి ఉంటే రెండో మోటారు గది తయారయ్యేది.

ఇక అసలు సంగతి. సర్జికల్‌ షాపులో దొరికే మడత కమోడ్‌ కుర్చీ, దాని కింద మూతున్న బకెట్‌, అందులో కొబ్బరి పొట్టు. గోదావరి జిల్లాల్లో కొబ్బరి పొట్టుకి కరువా! తన బరువుకి ఎన్నో రెట్లు తడి పీల్చుకుంటుంది, వాసన రానివ్వదు. ఇంటికొచ్చాక గుంటలో పూడ్చేస్తాం. చుట్టూ తెర లాగితే అదే గది. మొత్తం ఖర్చులో అన్నిటికంటే చవకైనది ఇదే!

చట్టం ఏమంటుంది?

దీన్ని చదివి రేపే షెడ్డుకి పరిగెత్తేవాళ్లు ఓ పూట ఆగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ ప్రకారం రిజిస్ట్రేషన్‌ కాగితాల్లో ఉన్న వివరాలకి, కంపెనీ ఇచ్చిన నమూనాకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019లో ఇదే గట్టిగా చెప్పింది. సొంత వాడకానికి ఉండే క్యాంపర్‌ వ్యాన్లకి కేంద్రం 2004 నోటిఫికేషన్లో రవాణాయేతర వాహనాల జాబితాలో చోటిచ్చింది. కానీ సరుకు బండిగా ఉన్నది మనమే గూడు బిగించినంత మాత్రాన అలా మారిపోదు. అందుకే మేం చాసిస్‌ జోలికి పోలేదు, క్యాబిన్‌ కోయలేదు. గూడు విడిగా, బోల్టులు తీస్తే దిగిపోయేలా ఉంటుంది. అయినా సరే... ఇనుము కొనక ముందే ఆర్టీఓ కార్యాలయంలో అడగండి. ఇన్సూరెన్సు కంపెనీకి రాసి ఇవ్వండి. ప్రమాదం జరిగాక చెబితే వినరు.

మకాం సంగతీ అంతే. ఎక్కడబడితే అక్కడ ఆపుకోవడానికి లేదు. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు, అనుమతి లేకుండా అడవిలో రాత్రి ఉండకూడదు. గుబ్బల మంగమ్మ తల్లి దర్శనానికి పగలు వెళ్లి పగలే తిరిగొచ్చేస్తాం. మాకు అచ్చొచ్చినవి తోటలు. యజమానిని ఓ మాట అడిగితే కాదన్నవాళ్లు లేరు. పైగా ‘‘భోంచేశారా?’’ అంటారు.

శివరాత్రికి పట్టిసీమ వెళ్లాం. నది మధ్య కొండ మీద వీరభద్రుడు, ఒడ్డున జనసముద్రం. ఒడ్డుకి దూరంగా ఓ రైతు పొలంలో అడిగి బండి పెట్టుకుని కప్పు ఎత్తాం. పడవ దాటి దర్శనం చేసుకుని వచ్చేసరికి అత్తయ్యగారి మోకాళ్లు మొరాయించాయి. ఆవిడ పలక మంచం మీద కాళ్లు చాపుకుని, దోమతెర కిటికీలోంచి దీపాల వరస చూస్తూ కూర్చున్నారు. జాగారం కదాని కాఫీ పెట్టాను. తాగేసి గ్లాసు చాపారు. ‘‘ఇంకో రవ్వంత ఉందా అమ్మాయ్‌?’’ ఉంది. పోశాను. ఆ తర్వాత మంచినీళ్లు కూడా అడిగారు.

ఈలోగా చుట్టుపక్కల మకాం వేసిన ఆడవాళ్లకి సంగతి తెలిసిపోయింది. ఒకావిడ మొహమాటంగా వచ్చి, ‘‘మా అమ్మాయి ఒకసారి వాడుకోవచ్చాండీ?’’ అంది. తెల్లారేసరికి కొబ్బరి పొట్టు సంచీ ఖాళీ. ఈసారి రెండు పట్టుకెళ్లాలి. 2027లో మళ్లీ పుష్కరాలు.

అదింకా దూరం. శివరాత్రి దాటాక పొగాకు వేలాలు మొదలవుతాయి. ‘‘గూడు దింపెయ్యాలి, బేళ్లకి బండి కావాలి’’ అని మావారు ఒకటే తొందర. పశువుల పాకలో నాలుగు డ్రమ్ముల మీద దాన్ని దించాం. మర్నాడు కాన్వాసు ఆరిందో లేదో చూద్దామని వెళ్తే లోపల రెండు చేటల వడియాలు, ఓ బుట్టెడు చింతపండు! ‘‘ఖాళీగానే ఉందిగా. దోమతెర కూడా ఉంది, ఈగలు వాలవు’’ అన్నారు అత్తయ్యగారు.