నేల విడిచిన సాము

దసరా రోజులలో అమలాపురం వీథులలో చెడీ తాలింఖానా ఊరేగింపు చూసినవారికి ఆ విద్య వైభవాన్ని వేరే వర్ణించనక్కరలేదు. కర్రలు గిరగిర తిరుగుతూంటే, కత్తులు తళతళ మెరుస్తూంటే చిన్నపిల్లలు తండ్రుల భుజాలెక్కి నోళ్ళు తెరుచుకొని చూస్తారు. అయితే అది వడ్డించిన విస్తరి. వంటయింటి వినోదం వేరే ఉన్నది. దానికోసం తెల్లవారుజామున, క్రొత్త శిష్యులు చేరే చోటికి వెళ్ళాలి.

తాలింఖానా అంటే విద్య నేర్పే ఇల్లు. ‘తాలీము’, ‘ఖానా’ అనే రెండు మాటలు ఉర్దూ ద్వారా మనకు వచ్చాయి. సాము మాత్రం మన నోట చాలాకాలంగా నలిగిన మాట. సంస్కృతంలోని ‘శ్రమ’ నుండి అది పుట్టిందని నిఘంటుకారులు చెబుతారు. పేరులోనే శ్రమ ఉన్నది కదా! ఆ శ్రమను తప్పించుకొనడానికి శిష్యులు పన్నే ఉపాయాలనుబట్టే వారిలో రకాలు ఏర్పడతాయని నా అభిప్రాయం.

నా బాల్యం అన్నవరంలో గడిచింది. పంపానది ఒడ్డున, రత్నగిరి నీడ ఇంకా తొలగని వేళలో, ఒక పెద్దాయన మాకు కర్రసాము నేర్పేవారు. నేర్పేవారు అన్నానే గాని, మొదటి రెండు నెలలూ కర్ర ముట్టనివ్వలేదు. ఇసుకలో గీతలు గీచి, వాటిమీద ముందుకూ వెనుకకూ అడుగులు వేయించేవారు. “ముందు కాళ్ళు నేర్చుకోండిరా అబ్బాయిలూ, చేతులు వాటంతటవే వస్తాయి” అనేవారు.

ఆ మాటలోని శాస్త్రం నాకు చాలాకాలానికి గాని బోధపడలేదు. కర్రకొనకు వచ్చే వేగం చేతిలో పుట్టదు. నేలను త్రొక్కిన పాదంలో మొదలై, నడుము మలుపులో పెరిగి, భుజంమీదుగా మణికట్టుకు చేరుతుంది. పాదం నిలవకపోతే విసరినవాడే తూలుతాడు. నేల విడిచి సాము చేయవద్దని మన పెద్దలు సామెతగా అన్నది సాముశాలలో అక్షరాలా నిజం.

కాని రెండు నెలలు ఇసుక త్రొక్కే ఓపిక ఎవరికి ఉంటుంది? మాలో ఒక ఉత్తరకుమారుడు ఉండేవాడు. తిక్కనగారు తన భారతరచనను విరాటపర్వంతోనే ఆరంభించారు గనుక, తెలుగువారికి ఆ రాకుమారుడు ఏడు శతాబ్దాలకు పైబడిన చుట్టం. అంతఃపురంలో ఆడవారి ఎదుట కౌరవులను చిత్తుచేసి, తీరా సేనను చూడగానే రథం దూకి పరుగెత్తినవాడు. మావాడు కాఫీ హోటలు ముందు పదిమందిని పడగొట్టి వచ్చేవాడు. ఇసుకలోకి వచ్చేసరికి వాడికి కడుపునొప్పి. బృహన్నల పని గురువుగారు చేయవలసి వచ్చేది.

ఇంకొకడికి సందేహాలు. “అవతలివాడు కత్తితో వస్తే? ఇద్దరు వస్తే? చీకట్లో వస్తే?” గురువుగారు శాంతంగా విని, “ముందు ఒక్కణ్ణి, పగటిపూట రానీరా” అన్నారు. మరొకడు నాకంటే వారం ముందు చేరి, ఆ వారాన్ని వారసత్వపు ఆస్తిగా భావించి, నా భంగిమలన్నీ సరిదిద్దేవాడు. కొండమీది ప్రసాదం పొట్లం ఎవరైనా తెస్తారేమోనని వచ్చేవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

అలంకారప్రియులు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. ఆనాడు తాయెత్తు, ఎఱ్ఱ లంగోటా, పెట్టెలో కోడి రామమూర్తినాయుడుగారి బొమ్మ. ఈనాడు నడికట్టు. జపానులో 1882లో జూడో విద్యాలయం స్థాపించిన కానో జిగోరో శిష్యుల తరగతులకు నడికట్టు రంగును గుర్తుగా పెట్టారు. ఒకినావా నుండి 1922లో కరాటేను టోక్యోలో ప్రదర్శించిన ఫునాకోషి కూడా తరువాత ఆ పద్ధతినే స్వీకరించారు. నల్ల నడికట్టు అరిగి దారాలు లేస్తే అనుభవానికి గుర్తుగా చూస్తారు. ఆ దారాలను ఇంటివద్ద రాతికి రుద్ది లేపుకొనే సాధకులు కూడా ఉన్నారట!

ఇంతమందిని వేళాకోళం చేసిన నేను ఏ రకం? పుస్తకం రకం. ప్రతి అడుగునూ బాణపు గుర్తులతో నోటుబుక్కులో గీసుకొనేవాణ్ణి. బరువు ఏ కాలిమీద ఉండాలో, దెబ్బ వచ్చినప్పుడు ఏ పాదం వెనుకకు పోవాలో అంతా కంఠస్థం. గురువుగారు ఒకనాడు దానిని తిరగేసి, “చాలా బాగుందిరా. రేపు దీన్ని పంపించు, నువ్వు ఇంట్లో ఉండు” అన్నారు.

నేను నవ్వాను. అంతకుమించి పట్టించుకోలేదు.

దసరా దగ్గరపడిన ఒక ఉదయం గురువుగారు ఇంకా రాలేదు. ఉత్తరకుమారుడు కర్ర తీశాడు. ఎదురుగా నేను నిలబడ్డాను. వాడు భయాన్ని అరుపుతో కప్పుకొన్నాడు, నేను లెక్కతో కప్పుకొన్నాను. కర్ర వచ్చింది. ఎడమపాదం వెనుకకు పోవాలని నాకు తెలుసు, పాదానికి తెలియదు. భయపడిన శరీరం కొయ్యబారుతుంది. జూడోలో పట్లకంటే ముందు పడడం నేర్పేది అందుకే. నాకది రాదు. చెయ్యి అడ్డుపెట్టాను. రెండు వేళ్ళు విరిగాయి.

చలికాలంలో మైకు ముందు కాగితం పట్టుకొన్నప్పుడు ఆ వేళ్ళు నేటికీ కొంచెం సణుగుతాయి. ఉత్తరకుమారుడు నెలరోజులపాటు నా పుస్తకాల సంచి బడికి మోశాడు. హోటలు ముందు ఆ కథ మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

కట్టు విప్పిన మరునాడు నోటుబుక్కు లేకుండా ఏటి ఒడ్డుకు వెళ్ళాను. గురువుగారు నా వేళ్ళను అటూ ఇటూ వంచి చూశారు. కర్ర ఇవ్వలేదు. ఇసుకలో రెండు గీతలు గీచి, “నిలబడు” అన్నారు.