కేబులా, డిష్షా?

టెలివిజన్ తెచ్చుకొన్నవారు కేబులా, డిష్షా అని తర్కించుటకు ముందు మిద్దె యెక్కి దక్షిణాకాశమును చూడవలెను. ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. ఆ వైపున మేడయో, వేపచెట్టో అడ్డమున్నచో కేబులే గతి.

రేడియో మధ్యతరంగముల పొడవు వందలాది మీటర్లు. వాన వాటినేమియు చేయజాలదు. డిష్ అందుకొను తరంగములు రెండున్నర సెంటీమీటర్ల పాటివి గనుక జడివాన వానిని మ్రింగివేయును. తుపాను వార్త కావలసిన గడియలోనే బొమ్మ మాయమగుట ఇందువలననే! కేబులునకు భయము గాలివలన: తీగ తెగవచ్చును. దారిలోని ఆంప్లిఫయరుకు కరెంటు పోయినచో మీ ఇంట దీపమున్నను తెర నల్లబడును. తీరవాసులు బ్యాటరీ రేడియోను అటక యెక్కింపకుందురు గాక.

నెలసరి రుసుము భారమగువారికి 2004లో దూరదర్శన్ ఆరంభించిన ఉచిత డిష్ సేవ కలదు. పరికరముల వెల తప్ప వేరు చెల్లింపు లేదు.